ఒకే మోతాదు, రెండు నేలలు: గరువు పత్తిలో కలుపు మందు దెబ్బ

నేపథ్యం

విజయనగరం జిల్లాలో రాజాం, బొబ్బిలి వైపు మెట్టల్లో ఒకప్పుడు గోగు వేసిన చోట ఇప్పుడు పత్తి, మొక్కజొన్న కనిపిస్తున్నాయి. ఇక్కడ ఒకే రైతు కమతంలో రెండు రకాల నేలలు ఉండడం మామూలే. వాలు పైభాగాన ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర గరువు ఉంటుంది. కిందికి దిగేకొద్దీ బంకమన్ను పెరిగి పల్లం నల్లబడుతుంది. రైతుకు ఈ తేడా బాగా తెలుసు. ఎరువు వేసేటప్పుడు, తడి ఇచ్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకుంటాడు. కలుపు మందు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎకరానికి ఇంత అనే ఒక్క లెక్కే మిగులుతుంది. చేను చూసి సలహా చెప్పిన మేం ఈ కేసు నమోదు చేయడానికి కారణం అదే. ఊరు, రైతు వివరాలు తీసేశాం.

కమతం రెండున్నర ఎకరాలు. పైన ఎకరం యాభై సెంట్లు గరువు, కింద ఎకరం పల్లం, మధ్యలో గట్టు. రెండింట్లోనూ అంతకుముందు రబీలో బోరు కింద మొక్కజొన్న పండింది. జూన్ చివరి వారంలో వాన పడగానే బీటీ పత్తి విత్తారు. వరసల మధ్య మూడడుగులు, పాదుల మధ్య రెండడుగులు, నాగలి చాళ్ళలో గింజ. మర్నాడు రెండు మళ్ళలోనూ ఒకే కలుపు మందుల కలయిక కొట్టారు: ఎకరాకు పెండిమిథాలిన్ 30 శాతం ఇ.సి. (నీటిలో పాలలా కలిసే ద్రవ మందు) లీటరు, డైయూరాన్ 80 శాతం పొడి మందు 600 గ్రాములు.

ఈ మోతాదు లేబుల్‌కు బయటిది కాదు. పత్తిలో డైయూరాన్ పొడి మందు హెక్టారుకు 1 నుంచి 2.2 కిలోలు, అంటే ఎకరాకు సుమారు 400 నుంచి 880 గ్రాములు. రైతు వేసింది ఆ హద్దుల నడుమే ఉంది. ఎక్కువ మందు కొట్టాడన్న మాటతో ఈ కేసు తేలిపోదు.

రైతు చెప్పిన సమస్య

మందు కొట్టిన మూడో రోజు నుంచి రెండు రోజులు గట్టి వాన. మండల వర్షమాపకంలో రెండు రోజులకు కలిపి 80 మి.మీ. దాటింది. ఆ తర్వాత ఎండ కాసి గరువు పైపొర అట్టకట్టింది. పల్లంలో మొలక బాగా వచ్చింది. గరువులోనూ వచ్చింది, కానీ ఆలస్యంగా, అక్కడక్కడా. విత్తిన రెండో వారంలో గరువు మొక్కల బీజదళాలు (గింజ నుంచి మొదట విచ్చుకునే జంట ఆకులు) అంచుల నుంచి పసుపు తిరిగి, ఎండిపోవడం మొదలైంది. గట్టుకు ఇవతల పచ్చగా, అవతల పసుపుగా చేను రెండు ముక్కలైంది.

"గింజ మంచిదే బాబూ, కింద మడిలో అదే గింజ. పైన ఏదో తెగులు పడింది" అన్నది రైతు అంచనా. అప్పటికే మూడు పనులు చేసి ఉన్నారు. ఇనుము, జింకు లోపమనుకుని సూక్ష్మపోషకాల మిశ్రమం, రెండు శాతం యూరియా కలిపి పిచికారీ చేశారు. మార్పు లేదు. వేరుకుళ్ళు అనుకుని కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున మొదళ్ళలో పోశారు. అప్పుడూ మార్పు లేదు. చివరికి, మందు వల్లే అయితే నీటితో కొట్టుకుపోతుందని బోరు తిప్పి గరువంతా తడిపారు. మూడు నాలుగు రోజుల్లో అప్పటిదాకా పచ్చగా ఉన్న మొక్కలు కూడా పసుపెక్కాయి.

రోగ నిర్ధారణకు అన్నిటికన్నా పనికొచ్చిన ఆధారం ఈ చివరి పనే.

తెగులా, లోపమా, మందా

ఒక్కో అనుమానాన్ని మొక్క మీదే తేల్చుకోవాలి. ఇనుము లోపమైతే పసుపు కొత్త ఆకుల్లో మొదలవుతుంది, ఈనెలు పచ్చగా మిగులుతాయి. ఇక్కడ ముందు దెబ్బతిన్నవి బీజదళాలు, తర్వాత మొదటి నిజమైన ఆకు. చివరి మొగ్గ చాలా మొక్కల్లో ఇంకా పచ్చగానే ఉంది. నారుకుళ్ళు అయితే నేల మట్టం దగ్గర కాండం మెత్తబడి నొక్కుకుపోతుంది, వేరు గోధుమరంగుకు తిరుగుతుంది. తవ్వి చూస్తే ఎక్కువ మొక్కల్లో తల్లివేరు తెల్లగా, గట్టిగా ఉంది. పోషకాల పిచికారీ, శిలీంధ్రనాశిని ఎందుకు పనిచేయలేదో దీంతో తేలింది. లేని జబ్బుకు చేసిన వైద్యం అది.

పాత ఆకు అంచు నుంచి లోపలికి పసుపు, తర్వాత ఎండు. ఇది ఆకులో కిరణజన్య సంయోగక్రియను ఆపే మందుల ముద్ర. డైయూరాన్ అలాంటిదే. అట్రాజిన్ కూడా అలాంటిదే, దాన్ని రబీ మొక్కజొన్నలో రెండు మళ్ళలోనూ వాడారు. కాబట్టి పాత అట్రాజిన్ మిగులు పత్తిని దెబ్బతీసిందా అన్నది అడగక తప్పని ప్రశ్న. ఇక్కడ నేలే జవాబు చెప్పింది. అట్రాజిన్ ఆమ్ల గుణమున్న నేలలో తొందరగా విడిపోతుంది, క్షార గుణమున్న నేలలో ఎక్కువ కాలం నిలుస్తుంది. గరువు ఉదజని సూచిక (పీహెచ్) 6.2, పల్లానిది 7.9. మిగులే కారణమైతే ముందు దెబ్బతినాల్సింది పల్లం. జరిగింది దానికి తిరగబడి ఉంది.

తవ్విన మొక్కల్లో ఇంకో రకం కూడా కనిపించింది. కొన్నిటికి పక్కవేర్లు పొట్టిగా, మొద్దుగా ఉన్నాయి. నేల మట్టం దగ్గర కాండం ఉబ్బి పగిలింది. ఇది పెండిమిథాలిన్ పని. అది కణ విభజనను ఆపుతుంది కాబట్టి వేరు చివర్లలో దెబ్బ కనిపిస్తుంది. ఇలాంటి మొక్కలన్నీ గింజ రెండు సెంటీమీటర్ల లోపు పడ్డ చోట్లవే. అట్టకట్టిన పొరను చీల్చుకుని పైకి రావడానికి మొలక ఎక్కువ రోజులు మందు పొరలోనే గడిపింది. పైపైన గింజ, పైన అట్ట, ఈ రెండూ కలిసిన చోట మందు తక్కువే అయినా దెబ్బ తప్పదు.

రుజువు కోసం మొలక పరీక్ష పెట్టాం. గరువు చాళ్ళ నుంచి 0–5 సెం.మీ. మట్టి, 5–10 సెం.మీ. మట్టి విడివిడిగా, మందు పడని గట్టు నుంచి అదే రకం ఎర్రమట్టి, పల్లం చాళ్ళ నుంచి పైమట్టి తెచ్చాం. అడుగున రంధ్రం చేసిన కాగితపు కప్పుల్లో దోస గింజలు, పత్తి గింజలు వేశాం. ఇంకో వరస కప్పుల్లో 0–5 సెం.మీ. గరువు మట్టికే కిలోకు రెండు చెంచాల యాక్టివేటెడ్ బొగ్గుపొడి కలిపాం. బొగ్గు మందును పట్టేస్తుంది. బొగ్గు కప్పులో మొక్క బాగుండి, బొగ్గు లేని కప్పులో చెడితే కారణం మందే. ఈ పరీక్షలో చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. కప్పులను వరండాలో నీడన పెడతారు. డైయూరాన్ దెబ్బ బయటపడాలంటే వెలుతురు కావాలి. పైగా మొలక మామూలుగానే వస్తుంది, పసుపు ఆ తర్వాత కనిపిస్తుంది. ఎండలో పెట్టి కనీసం పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు ఆగాలి. నాలుగో రోజున మొలక చూసి "మట్టిలో ఏమీ లేదు" అంటే అది తప్పు తీర్పు.

ఫలితం: పైమట్టిలో దోస, పత్తి రెండూ పసుపెక్కాయి. బొగ్గు కలిపిన కప్పుల్లో, గట్టు మట్టిలో నిక్షేపంగా ఉన్నాయి. 5–10 సెం.మీ. మట్టిలోనూ దోస కొంత పసుపెక్కింది, అంటే మందు దిగింది. పల్లం మట్టిలో పత్తికి ఏమీ కాలేదు.

గరువే ఎందుకు

నేలలో పడ్డ మందు అంతా పనిచేయదు. కొంత సేంద్రియ పదార్థానికి, బంకమన్నుకు అంటుకుని ఉంటుంది, కొంత మట్టి తేమలో కరిగి ఉంటుంది. వేరుకు అందేది కరిగినదే. డైయూరాన్ వేర్ల గుండా నీటితో పాటు ఆకులకు ఎక్కే మందు. బోరు తడి ఇచ్చాక దెబ్బ పెరగడానికి కారణం ఇదే: అంటుకుని ఉన్నదాంట్లో మరికొంత కరిగింది, మొక్క ఆ నీటినే తాగింది.

భూసార పరీక్షలో గరువు సేంద్రియ కర్బనం 0.28 శాతం, పల్లానిది 0.61 శాతం. డైయూరాన్‌కు సేంద్రియ కర్బనంతో అంటుకునే గుణకం సుమారు 480. ఇది ఎంత ఎక్కువైతే మందు మట్టిని అంత గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని కర్బనం శాతంతో హెచ్చించి నూటితో భాగిస్తే, మట్టి మందును పట్టే బలం గరువుకు 1.3, పల్లానికి 2.9 వస్తుంది. రెండు నేలలు పట్టే తేమ తేడాను కూడా కలిపి చూస్తే, ఒకే 600 గ్రాములకు గరువు తేమలో కరిగి ఉండే మందు గాఢత పల్లంలోకన్నా రెండింతలకు కాస్త పైనే. కాగితం మీద ఒకటే మోతాదు. వేరు దగ్గర రెండు మోతాదులు.

రెండోది దిగుడు. 80 మి.మీ. వానకు ఇదే లెక్కను సాగదీస్తే గరువులో మందు మూడు నాలుగు సెంటీమీటర్లు, పల్లంలో రెండు సెంటీమీటర్ల దరిదాపు దిగాలి. గింజ ఉన్నది మూడు సెంటీమీటర్ల లోతులో. లెక్క ఉజ్జాయింపే, కప్పుల పరీక్షలో కొంత మందు ఇంకా లోతుకే దిగినట్టు తేలింది. పెండిమిథాలిన్ ఇలా దిగదు. దాని అంటుకునే గుణకం పదివేలకు పైన ఉంటుంది, లీటరు నీటిలో కరిగేది 0.3 మి.గ్రా. మాత్రమే. డైయూరాన్ లీటరుకు 40 మి.గ్రా. దాకా కరుగుతుంది. అందుకే ఇసుక నేలలో పెండిమిథాలిన్‌కు ప్రధాన రక్షణ గింజ లోతు. డైయూరాన్‌కు లోతు ఒక్కటే చాలదు.

మూడో కారణం విత్తిన నాగలి చాలు. నాగలి చాలులో విత్తినప్పుడు రెండు వైపుల మందు పడ్డ మట్టి వానకు జారి చాలులోనే చేరుతుంది. ఇసుకపాలు ఉన్న వదులు నేలలో ఇది మరీ ఎక్కువ. గరువులో వాలు వెంబడి చాళ్ళు దిగే చోట దెబ్బ గట్టిగా ఉండడానికి ఇదొక కారణం.

చేలో పసుపు అంతటా ఒకేలా లేదు, మధ్యలో కొన్ని పట్టీలు పూర్తిగా మాడాయి. దానికి నేలను తప్పుపట్టలేం. పదహారు లీటర్ల ట్యాంకులతో ఎకరాకు ఎనిమిదే కొట్టారు, అంటే 130 లీటర్లలోపు నీరు. పొడి మందును నేరుగా ట్యాంకులో వేశారు. పొడి మందు కరగదు, నీటిలో తేలియాడుతుంది, కదపకపోతే అడుగుకు చేరుతుంది. ట్యాంకుల్లో మందు ఒకేలా లేకపోవడం వల్ల ఆ పట్టీలు వచ్చాయి. ముందు బకెట్లో కొద్ది నీటితో జావలా కలిపి, పలచగా చేసి, ఒక్కో ట్యాంకుకు కొలిచి పోయాలి. ఎకరాకు 200 లీటర్ల నీరు, అంటే పన్నెండు పదమూడు ట్యాంకులు, ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్.

నిర్ణయాలు

చేను దున్నేయాలా, ఉంచాలా? రైతు మొదట దున్నేసి మళ్ళీ పత్తి వేయాలనుకున్నారు. అప్పటికే రెండు వరసల్లో ఖాళీలున్న చోట అదే చాలులో గింజ గుచ్చి చూశారు. మొలిచింది, రెండో ఆకు వచ్చేలోపు పసుపెక్కింది. మట్టిలో మందు అలాగే ఉండగా కొత్త గింజ వేయడమంటే ఇంకోసారి డబ్బు పోయడమే. డైయూరాన్ సగం తగ్గడానికి నెలలు పడుతుంది, రోజుల్లో పోదు.

అందుకే మొక్క మొక్క చూసి లెక్క కట్టాం. పదిమీటర్ల వరస తీసుకుని, చేను నలుమూలలా ఎన్నో చోట్ల, బతికే పాదులు లెక్కపెట్టాం. కొలత ఇది: బీజదళం ఎండినా సరే, చివరి మొగ్గ పచ్చగా ఉండి కొత్త ఆకు పచ్చగా విచ్చుకుంటుంటే బతికినట్టు. బీజదళాలు సగానికి పైగా పోయి మొగ్గ కదలకపోతే పోయినట్టు. మూడడుగులకు రెండడుగుల దూరంలో ఎకరాకు 7,260 పాదులు. గరువు కింది భాగంలో నాలుగింట మూడు పాదులు నిలిచాయి. పై పాతిక సెంట్లలో మూడింట ఒకటి కూడా లేదు. పత్తి పక్కన ఖాళీ ఉంటే కొమ్మలు చాచి కొంత పూడ్చుకుంటుంది. కాబట్టి ఖాళీలు విడివిడిగా ఉన్న కింది భాగాన్ని ఉంచడమే లాభం. వరసగా ఖాళీ పడ్డ పై భాగాన్ని పత్తి నుంచి తీసేయాలి.

కింది భాగంలో ముందు నేల అదును చూసి, అట్ట పగిలేలా వరసల మధ్య గుంటక పైపైన తోలారు. గాలి ఆడింది, మందు పైపొర కింది మట్టితో కలిసి పలచబడింది. మొక్కకు అరడుగు దూరం వదిలారు, దెబ్బతిన్న వేరును ఇంకా తెంపకూడదు. ఖాళీలకు గింజ గుచ్చలేదు. పల్లం మట్టి, బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) సమపాళ్ళలో నింపిన పాలిథిన్ సంచుల్లో మొక్కలు పెంచి, పదిహేను నుంచి ఇరవై రోజుల వయసులో నాటారు. నాటే చోట జానెడు వెడల్పున పైమట్టి పక్కకు లాగేసి, కింది మట్టితో గుంత తీసి, రెండు దోసిళ్ళ గెత్తం వేసి, సంచి కోసి గడ్డ విరగకుండా పెట్టారు. లాగేసిన పైమట్టిని మళ్ళీ మొక్క మొదట్లోకి తోయకూడదని కూలీలకు ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి అటే పోతుంది. గెత్తం ఇక్కడ ఎరువుగా కన్నా మందును పట్టే పదార్థంగా ముఖ్యం. నాటిన వాటిలో ఎక్కువ భాగం నిలిచాయి.

పై పాతిక సెంట్లకు ఏ పంట? చోడి (రాగి), నువ్వు వంటి చిన్న గింజల పంటలను మొదటే పక్కన పెట్టాం, గింజ మందు పొరలోనే మొలవాలి కాబట్టి. మొక్కజొన్న డైయూరాన్‌ను తట్టుకుంటుంది. పెండిమిథాలిన్ మాటకొస్తే, గింజ దాని పొర కింద ఉంటే ఇబ్బంది లేదు, పొరలో వేరు చిక్కితే దెబ్బ. అందుకే దుక్కి దున్నవద్దని చెప్పాం. దున్నితే పైపొర మందు లోపలి వేర్ల దాకా కలిసిపోతుంది. చాలు మాత్రం తెరిచి, ఐదు సెంటీమీటర్ల లోతున మొక్కజొన్న వేశారు. అంతకుముందు అదే మట్టి నింపిన కప్పుల్లో మొక్కజొన్న మొలిపించి చూసుకున్నారు.

పల్లంలో మందు పత్తిని ఏమీ చేయలేదు, కానీ కలుపునూ పూర్తిగా ఆపలేదు. బంకమన్ను, కర్బనం మందును పట్టి ఉంచాయి. తుంగ ఈ రెండు మందులకూ లొంగదు, గడ్డి జాతి కూడా లేచింది. కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉండగా ఎకరాకు పైరిథియోబ్యాక్ సోడియం 10 శాతం 250 మి.లీ., క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతం 400 మి.లీ. కొట్టారు. తుంగకు మాత్రం గుంటక, బొరిగే గతి. రైతు అదే ట్యాంకుతో గరువుకూ పోదామన్నారు. వద్దన్నాం. పత్తి పైరిథియోబ్యాక్‌ను తట్టుకునేది దాన్ని తనలో విడగొట్టుకోగలదు కాబట్టి. ఆకు సగం మాడి, వేరు మొద్దుబారిన మొక్కకు ఆ శక్తి తగ్గుతుంది. గరువులో ఆ ఏడాది మనుషులతోనే కలుపు తీయించారు. ఖర్చు ఎక్కువైంది, కానీ నిలిచిన మొక్కలు మళ్ళీ దెబ్బతినలేదు.

మరుసటి ఖరీఫ్

విత్తడానికి ముందే రెండు మళ్ళ మట్టి విడివిడిగా పరీక్షకు పంపారు. పొలంలోనే చేసుకునే చేతి పరీక్ష కూడా రైతుకు అలవాటైంది. గుప్పెడు మట్టిని తడిపి ముద్ద చేసి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టీలా సాగదీయాలి. రెండున్నర సెంటీమీటర్లలోపే తెగితే ఇసుకపాలు ఎక్కువ. ఐదు సెంటీమీటర్లు దాటి సాగితే బంక నేల. ఇది ఒక్కచోట చేస్తే చాలదు. వాలు పైన, మధ్యన, కింద చేయాలి.

గరువులో డైయూరాన్ పూర్తిగా మానేశారు. పెండిమిథాలిన్ ఒక్కటే, 38.7 శాతం సి.ఎస్. (సూక్ష్మ గుళికల్లో ఉండే ద్రవ మందు) ఎకరాకు 700 మి.లీ., 200 లీటర్ల నీటితో. గింజ నాలుగు సెంటీమీటర్లకు తగ్గకుండా, పైన మట్టి సమంగా కప్పి. మందు కొట్టే ముందు మేఘదూత్ యాప్‌లో వాన సూచన చూశారు. తేలికపాటి జల్లు మేలే, మందు పైపొరలో కుదురుకుంటుంది. రెండు మూడు రోజుల్లో భారీ వాన అంటే గరువులో మందు ఆపుకుని, ఇరవై రోజులకు గుంటకతో మొదలుపెట్టడం నయం. రెండు వరసలపై పాత టార్పాలిన్ పరిచి మందు పడకుండా వదిలారు. ఆ వరసలు పచ్చగా, మిగతావి పసుపుగా ఉంటే కారణం వెతకడానికి ఎక్కువ సేపు పట్టదు. ఆ ఖరీఫ్‌లో రెంటికీ తేడా లేదు, మొలక సమంగా వచ్చింది. మూడో వారానికి పావలికూర, గడ్డి లేచాయి. ఒక గుంటక, ఒక కూలీ కలుపు అయ్యాయి.

పల్లంలో పెండిమిథాలిన్ 30 శాతం ఇ.సి. ఎకరాకు 1.3 లీటర్లు, మట్టిలో తడి ఉన్నప్పుడే. బంక నేల పైపొర ఎండి పెళ్ళలుగా ఉంటే మందు పెళ్ళల మీద పడి ఊరుకుంటుంది, కింద గింజ మొలుస్తుంది. డైయూరాన్ కావాలంటే ఈ మడిలో లేబుల్ కింది హద్దు దగ్గర ఆలోచించవచ్చు, కానీ మొలిచాక కొట్టే మందు ఎలాగూ ఉంది కాబట్టి రైతు అవసరం లేదన్నారు.

గట్టుకు ఆనుకుని గరువు వైపు మూడు నాలుగు వరసల మేర నేల ఎర్రగానూ ఉండదు, నల్లగానూ ఉండదు. పట్టీ పరీక్షలో మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది, కర్బనం మాత్రం గరువుకే దగ్గర. ఆ వరసలకు ఏ మోతాదు అన్న ప్రశ్న వచ్చింది. ఇలాంటి చోట తేలిక నేల మోతాదే వేయాలి. కాస్త కలుపు మిగిలితే బొరిగితో తీసుకోవచ్చు, మాడిన మొలకను తిరిగి తేలేం. ట్యాంకులో మందు మార్చే హద్దు గుర్తుండేలా రైతు ఆ వరసల చివర వెదురు గడలు పాతి, వాటికి ఎర్రగుడ్డ కట్టారు.